ఎవరి పాపం? ఎవరి పని?

అనంతపురం పీఠభూమిలో వాన రాని ఏడు జనుల నోట మొట్టమొదట వినవచ్చేది ఒక ప్రశ్న: ఇది ఎవరు చేసిన పాపం? ఊరిలో అధర్మం పెరిగినదని ఒకరంటారు. దేవర తప్పినదని ఒకరంటారు. విరాటపర్వం చదివించినవారున్నారు, కప్పలకు పెండ్లి చేసినవారున్నారు. ఈ నమ్మకాలను ఎగతాళి చేయుట సులభం, వాటి వెనుకనున్న దుఃఖాన్ని తెలిసికొనుట కష్టం. కారణం తెలియని కష్టాన్ని మనిషి భరింపలేడు. కారణం దొరకనప్పుడు దోషినైనా వెదకుకొంటాడు.

భూగోళశాస్త్రం చదివిన విద్యార్థికి దీని సమాధానం తెలియనిది కాదు. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను తాకి అక్కడనే తమ నీటిని దించివేస్తాయి. కనుమలు దాటి వచ్చే గాలిలో తడి స్వల్పం. ఈశాన్య ఋతుపవనం తూర్పుతీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. కనుకనే ఇది వర్షచ్ఛాయా ప్రదేశమైనది. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతోనే ఈ రైతు వేరుసెనగ పండించుకొనవలసి వచ్చినది. ఇందులో ఎవరి పాపమూ లేదు. పాపం లేదని తేలినంతమాత్రాన పని తీరిపోలేదు. చెరువు పూడిక తీయవలసినదే, గట్టు వేయవలసినదే. దోషిని వెదకుట మానిన తరువాతనే మనిషి చేయి పలుగు మీదికి పోతుంది.

మేఘం విషయంలో అడిగిన ఈ ప్రశ్ననే లోకం బిడ్డ విషయంలోనూ అడుగుతుంది. మూడేండ్లు వచ్చినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని బిడ్డలుంటారు. తల్లి కన్నులలోనికి చూడరు. కావలసిన వస్తువును వ్రేలితో చూపరు. పెద్దవారి చేతినే పట్టుకొని దాని దగ్గరకు తీసికొనిపోతారు. ఒక డబ్బా మూతనో, ఆటబండి చక్రాన్నో గంటల తరబడి త్రిప్పుతూ కూర్చుంటారు. నిన్న తిన్న పళ్ళెం నేడు మారితే ఇల్లు ఎగిరిపోయేటట్లు ఏడుస్తారు. ఇరుగుపొరుగువారు అటువంటి బిడ్డను మొద్దు అంటారు, పిచ్చి అంటారు, గాలి సోకినదంటారు. ఆ వెంటనే తల్లి వంక చూస్తారు. అడుగకపోయినా ఆ చూపులో ప్రశ్న ఉంటుంది: ఎవరు చేసిన పాపం?

వైద్యులు ఈ స్థితిని ఆటిజం అంటారు. ఇది అంటురోగం కాదు, పెంపకంలో లోపం కాదు. పుట్టుకతోనే మెదడు పెరిగే తీరులోని భేదం. అందరిలో ఒకే విధంగా కనిపించదు. జీవితమంతా మాటలాడనివారు కొందరు, గణితంలోనో సంగీతంలోనో నిపుణులై ఉద్యోగాలు చేసేవారు కొందరు. వీరందరికీ సామాన్యమైనవి రెండు: ఇతరులతో మాటా మనసూ కలుపుకొనే దారి భిన్నంగా ఉండుట, ఒకే క్రమాన్ని గట్టిగా పట్టుకొనుట. వెలుగు, శబ్దం, స్పర్శ, రుచి వీరిలో పెక్కుమందికి మనకంటె వేరుగా తగులుతాయి. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారం 2021లో లోకంలో ప్రతి 127 మందిలో ఒకరు ఇటువంటివారు. కాబట్టి ఏ మండలంలోనైనా, ఏ మతంలోనైనా ఇట్టి బిడ్డలున్నారనియే చెప్పవలెను.

పల్లెటూరి అమ్మలక్కలనే నిందించి లాభం లేదు. చదువుకున్నవారూ ఈ ప్రశ్ననే అడిగినారు. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరాన లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని స్పష్టంగా వర్ణించినాడు. ఆ వర్ణన నేటికీ నిలిచినది. కాని కొలది సంవత్సరాలలోనే, 1949 నాటికి, ఆయన దృష్టి పిల్లల మీదినుండి తల్లిదండ్రుల మీదికి మళ్ళినది. ఆ తల్లిదండ్రులలో వాత్సల్యం గడ్డకట్టినదని ఆయన వ్రాసినాడు. 1967లో షికాగోలోని బ్రూనో బెట్టెల్‌హైమ్ ఒక గ్రంథం వ్రాసి, ఆ నిందను దేశదేశాలకు ప్రాకించినాడు. శాస్త్రం పేరుతో వేలకొలది తల్లులు దోషులైనారు.

ఆ నిందను త్రోసిపుచ్చినవారిలో ముందు చెప్పుకొనదగినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వశాస్త్రవేత్త, తానే ఇట్టి బిడ్డకు తండ్రి. ఇది శరీరధర్మానికి సంబంధించినదేగాని మాతృదోషం కాదని 1964లో గ్రంథం వ్రాసినాడు. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభలో నిలిచి, వారు నిర్దోషులని ప్రకటించినాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ అనేవారు ఇరువదియొక్క జతల కవలలను పరిశీలించి, వంశధర్మానికి ఇందులో పెద్ద పాలున్నదని చూపినారు. దోషం లేదని తేలుటకు తల్లులు ఒక తరం వేచియుండవలసి వచ్చినది.

శాస్త్రం దాటవలసిన ఈ మెట్టును మతం కూడా దాటవలసియున్నది. కర్నూలు, అనంతపురం ప్రాంతాల కతోలిక కుటుంబాల ఎదుట ఈ మెట్టు స్పష్టంగా కనిపిస్తుంది.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఒక ఘట్టమున్నది. పుట్టుగ్రుడ్డి ఒకడు దారిప్రక్కన కూర్చున్నాడు. అతనిని చూచి శిష్యులు గురువును అడుగుతారు: పాపం చేసినది వీడా, వీని తల్లిదండ్రులా? క్రీస్తు ఆ రెండు పక్షాలనూ త్రోసివేస్తాడు. ఎవరి పాపమని అడుగక, దేవుని పని ఇక్కడ ఏ విధంగా కనబడవలెనో చూడుమన్నట్లుగా ఆయన ప్రశ్ననే మార్చివేస్తాడు. కతోలికునికి ఈ విషయంలో ఇంతకంటె ప్రమాణం అక్కరలేదు. అయినా గుడిలో ఈ అధ్యాయం విని ఇంటికి వచ్చిన మనిషే, కోడలు కన్న బిడ్డను చూచి పాత ప్రశ్నను మరల అడుగుతాడు.

ఈ వైరుధ్యంలో మరొక చేదు ఉన్నది. ఈ ప్రాంతపు క్రైస్తవులలో పలువురు దళిత కుటుంబాలవారు. వారి ముత్తాతలు బావి దగ్గరకు పోరాదన్నారు, గుడి మెట్టెక్కరాదన్నారు. అదేమని అడిగితే, అది పూర్వజన్మ కర్మ అన్నారు. ఆ వాదాన్ని వదలించుకొనుటకే వారు మరొక గుడి వాకిట నిలిచినారు. కర్నూలు పీఠానికి 2008 నుండి 2020 వరకు మేత్రాణులుగా ఉన్న పూల ఆంతోని 2022లో కార్డినల్ పదవిని పొందినప్పుడు, తెలుగువారిలోనూ దళితులలోనూ ఆ గౌరవం మొదట పొందినవారు ఆయనయే. ఇంత దూరం నడచి వచ్చిన జనం, తమ మీద ఒకనాడు విసరిన రాతినే తీసి మాటరాని బిడ్డమీద విసరుట న్యాయమా? పుట్టుకను శిక్షగా చెప్పే వాదం మనుష్యుని మీద తప్పైతే, బిడ్డ మీద కూడా తప్పే.

పాపం అనే మాట చాలనప్పుడు దయ్యం అనే మాట వస్తుంది. బిడ్డ చేతులు ఆడించినా, ఉన్నట్టుండి అరచినా ఏదో పట్టినదంటారు. శ్రీసభ ధర్మం ఇక్కడ కూడా జాగ్రత్తగానే ఉన్నది. పీఠాధిపతి ప్రత్యేకమైన అనుమతి లేక ఏ గురువూ భూతోచ్చాటన చేయరాదని 1983 నాటి ధర్మస్మృతి శాసించినది. వ్యాధి, ముఖ్యంగా మనోవ్యాధి, వేరు విషయమనీ, అది వైద్యుని పని అనీ 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం చెప్పినది. గుణదల మాత ఉత్సవానికో, వేళాంగణికో బిడ్డను తీసికొనిపోవుట తప్పు కాదు. ప్రార్థన తల్లికి ఊపిరినిస్తుంది. కాని ప్రార్థన పేరుతో బిడ్డను కట్టివేయుట, పస్తుంచుట, కొట్టుట మతం కాదు. అది మతం ముసుగు వేసికొన్న భయం.

నింద తీసివేసిన తరువాత పని మిగులుతుందన్న మాటకు ఈ పీఠభూమి చరిత్రలోనే సాక్ష్యాలున్నవి. పదునెనిమిదవ శతాబ్దంలో ఫ్రెంచి యేసుసభ గురువుల కర్ణాటక మిషను తెలుగుదేశంలో పనిచేసినది. ఆ మిషనుకు 1744 నుండి 1751 వరకు పెద్దగా ఉన్న గాస్టన్ కెర్దూ 1732లో ఈ దేశానికి వచ్చి, తన శేషజీవితమంతా ఇక్కడనే గడిపినాడు. ఆయన మొదట చేసిన పని బోధించుట కాదు, నేర్చుకొనుట. తెలుగు నేర్చినాడు, సంస్కృతం నేర్చినాడు, నిఘంటువు కూర్చినాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతోగల చుట్టరికాన్ని గురించి 1767లో ఫ్రాన్సు పండితులకు వ్రాసి పంపినాడు. విలియం జోన్స్ 1786లో చేసిన ప్రసిద్ధోపన్యాసానికి అది సుమారు ఇరువది సంవత్సరాలు ముందు. ఎదుటివారి భాష తెలియనిదే వారికి ఏమియూ చెప్పలేమన్నది ఆయన జీవితంలో మనకు దొరికే పాఠం.

రెండవ సాక్ష్యం మనకు దగ్గరది. 1920లో స్పెయిను దేశపు బార్సెలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్, యేసుసభ గురువుగా 1952లో భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడులో రైతుల మధ్య పనిచేసినాడు. ఆ పని కొందరికి నచ్చలేదు. 1968లో దేశం విడిచి పొమ్మని ఆజ్ఞ వచ్చినది. అందుకు నిరసనగా వేలాది రైతులు బొంబాయికి నడచినారు. 1969లో ఆయన తిరిగి వచ్చినప్పుడు చేరుకొన్నది కరవు గడ్డ అయిన అనంతపురం. మరుసటి సంవత్సరం యేసుసభను విడిచినాడు. తన వెంట నడచిన ఆన్ పెర్రీని వివాహమాడినాడు. గురువుగా చేసిన వాగ్దానాన్ని విడుచుట ధర్మమా అని ప్రశ్నించిన కతోలికులు అప్పుడున్నారు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. అయితే 2009 జూన్ 19న ఆయన మరణించువరకు విడువనిది ఒకటున్నది. పేదరికం విధివ్రాత కాదు, చేతితో తీర్చదగిన పని అన్న విశ్వాసం అది. బత్తలపల్లిలో ఆసుపత్రి, అంధులకు బధిరులకు బడులు, బుద్ధిమాంద్యంగల పిల్లలకు కేంద్రాలు, గ్రామాలలో వికలాంగుల సంఘాలు ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ చేసిన పనులలోనివి. బిడ్డను ఇంటి వెనుక గదిలో దాచే కుటుంబం, ఆ బిడ్డను నలుగురిలోనికి తెచ్చుటకు ఈ సంఘాలు ఒక త్రోవ చూపినవి.

అయితే గుడిలోపల తేలవలసిన ప్రశ్న ఆసుపత్రితో తేలదు. మాటలాడని బిడ్డ దివ్యసత్ప్రసాదం స్వీకరింపవచ్చునా? సాధారణంగా ఏడెనిమిదేండ్ల పిల్లలు ఉపదేశి దగ్గర జపాలు నేర్చుకొని, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పి, తెల్లని బట్టలు కట్టుకొని వరుసలో నిలుచుంటారు. జవాబు చెప్పలేని బిడ్డ సంగతి ఏమిటి? తమ్ముడు వరుసలో నిలిచి అన్న బెంచి మీద మిగిలిపోయిన రోజున తల్లి హృదయం పడే బాధ ఉపదేశికి తెలియకపోవచ్చును. ఆ తల్లికి అది కేవలం అలంకారం కాదు. తన బిడ్డ దేవుని లెక్కలో ఉన్నాడా లేడా అన్న ప్రశ్న.

ఈ విషయాన్ని శ్రీసభ పండితులు పూర్వమే ఆలోచించినారు. పదమూడవ శతాబ్దపు పునీత తోమాస్ అక్వినాస్, బుద్ధి బొత్తిగా లేనివారికీ బుద్ధిబలం తక్కువైనవారికీ భేదం చూపినాడు. ఏ కొంచెమైనా భక్తి కలుగగలవారికి ఈ సంస్కారాన్ని నిరాకరింపరాదన్నాడు. అంతకుముందు ఎందరో పిల్లలను పది, పండ్రెండు, పదునాలుగేండ్లవరకు నిలిపివేసే ఆచారముండగా, 1910లో పదవ పయస్ పోపు దానిని మాన్పించి, సుమారు ఏడేండ్ల వయస్సు చాలునన్నాడు. పూర్ణమైన జ్ఞానం అక్కరలేదు, ఇది మామూలు రొట్టె కాదని గుర్తించుట చాలునన్నది ఆ ఆజ్ఞ తాత్పర్యం. 1983 నాటి ధర్మస్మృతి కూడా పిల్లలు తమ శక్తికి తగినట్లు గ్రహించుటనే కోరినది. బుద్ధివైకల్యంగల వారి విషయంలో అమెరికా పీఠాధిపతులు 1995లో మార్గదర్శక సూత్రాలు ప్రకటించినారు. ఆ గుర్తింపు నోటిమాటతోనే తెలుపనక్కరలేదు. నడవడితో, సంజ్ఞతో, భక్తితోగూడిన మౌనంతో తెలిపినా చాలును. సందేహం కలిగినచోట జ్ఞానస్నానం పొందినవాని హక్కు వైపే మొగ్గవలెను. తూర్పు సంప్రదాయపు సంఘాలలోనైతే పాలుత్రాగే శిశువుకు సయితం ఈ సంస్కారమిచ్చే ఆచారం ప్రాచీనకాలం నుండి ఉన్నది. మాట వచ్చిన తరువాతనే దేవుడు వస్తాడన్న నియమం ఏదీ లేదు.

చిన్న చిక్కులకు కూడా ధర్మస్మృతిలో దారులున్నవి. నోటిలో అప్పము తగిలే తీరును సహింపలేని పిల్లలున్నారు. అవసరమైనప్పుడు ద్రాక్షారసం మాత్రమే ఇవ్వవచ్చునని ఆ స్మృతి చెప్పినది. పాపసంకీర్తనానికి దుబాసి సహాయం తీసికొనవచ్చునని చెప్పినది. ఈ సంగతులు తెలియక ఒక విచారణలో కాదన్నదే, తెలిసిన మరొక విచారణలో అవునంటున్నారు. బిడ్డ మారలేదు, పెద్దల తెలివి మారినది.

మాటలాడగల ఆటిజం వ్యక్తికి మరొక విధమైన కష్టమున్నది. అతడు విన్న మాటను అక్షరార్థంగా తీసికొంటాడు. చేసిన పాపాలన్నిటినీ చెప్పుమని ఉపదేశి అన్నాడనుకొనుము. అన్నిటినీ అంటే అన్నిటినీ. ఒకటి మరచితినేమో అన్న భయం అతనిని రాత్రి నిద్రపోనివ్వదు. మరల పోతాడు, మరల చెప్తాడు. ఇంకొకడు ఎవరైనా ఎట్లున్నారని అడిగితే ఉన్నదున్నట్లు చెప్పి, ఇంటికి వచ్చిన చుట్టానికి కోపం తెప్పిస్తాడు. ఇది అవిధేయతా? గర్వమా? జపం మధ్యలో చెవులు మూసికొని బయటికి పరుగెత్తుట దైవధిక్కారమా? తెలియనితనం, భయం, అలవాటు, మానసిక కారణాలు దోషభారాన్ని తగ్గిస్తాయనీ, ఒక్కొక్కప్పుడు పూర్తిగా తొలగిస్తాయనీ సత్యోపదేశ గ్రంథం చెప్పుచున్నది. శబ్దవర్ధకం నుండి వచ్చే కేక, డప్పుల మ్రోత, పండుగనాటి బాణసంచా ఇతరులకు సంతోషం. ఆ బిడ్డకు చెవిలో గుచ్చిన సూది. పారిపోయిన బిడ్డ దేవునినుండి పారిపోలేదు, శబ్దంనుండి పారిపోయినాడు. ఆ భేదం తెలిసికొనుటలోనే సగం ధర్మమున్నది.

విశ్వాసమున్నంతమాత్రాన ఈ ధర్మం తనంతట వస్తుందనుకొనరాదు. చరిత్ర అందుకు ఒక భయంకరమైన ఉదాహరణ చూపుతుంది. కానర్ వ్రాసిన మరుసటి సంవత్సరమే, 1944లో, వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అనే వైద్యుడు ఇటువంటి పిల్లలను గురించి వ్రాసినాడు. ఆయన భక్తిగల కతోలికుడు. నాజీల కాలంలో పిల్లలను కాపాడినవాడని చాలాకాలం లోకం నమ్మినది. 2018లో చరిత్రకారుడు హెర్విగ్ చెక్ పాత కాగితాలు వెదకి వేరు కథ బయటపెట్టినాడు. వికలాంగులైన బిడ్డలను చంపే అమ్ స్పీగెల్‌గ్రుండ్ అనే సంస్థకు ఆస్పెర్గర్ కొందరు పిల్లలను పంపినాడు. ఆయన పంపిన బాలికలలో ఇద్దరు అక్కడ మరణించినారు. ఆ సంస్థలో మొత్తం సుమారు ఎనిమిది వందల మంది పిల్లలు ప్రాణాలు విడిచినారు. తెలివిగల పిల్లలను మెచ్చుకొన్న కన్నే, పనికిరారనుకొన్నవారిని మరొక కాగితం మీదికి ఎక్కించినది.

అదే కాలంలో అదే మతంలో మరొకడున్నాడు. జర్మనీలోని మ్యూన్‌స్టర్ పీఠాధిపతి క్లెమెన్స్ ఫాన్ గాలెన్ 1941 ఆగస్టు 3న ప్రార్థనా వేదిక నుండి ఈ హత్యలను బాహాటంగా ఖండించినాడు. పనిచేయలేని మనిషిని చంపవచ్చునన్న సూత్రం ఒప్పుకొంటే, ముసలితనం వచ్చిన నాడు మనలో ఎవరికీ రక్షణ ఉండదని ఆయన వాదం. ఆ ప్రసంగపు ప్రతులు రహస్యంగా చేతులు మారినవి. అప్పటికి డెబ్బదివేల మందికి పైగా చంపిన ఆ పథకాన్ని ఆ నెలలోనే ప్రభుత్వం పైకి నిలిపివేసినది. చాటుగా హత్యలు సాగినవన్నది వేరు మాట. ఇద్దరిదీ ఒకే జపమాల. ఒకరు మనిషి విలువను ప్రయోజనంతో తూచినారు, మరొకరు ఆ త్రాసునే విరుగగొట్టినారు. మన ఇండ్లలో హత్య లేకపోవచ్చును, త్రాసు మాత్రం ఉన్నది. “వీడు దేనికి పనికివస్తాడు?” అన్న మాట ఎంత మెత్తగా పలికినా, ఆ త్రాసు చప్పుడే అది.

త్రాసును విరుగగొట్టిన మరొక ఘటన ఫ్రాన్సులో జరిగినది. బుద్ధివైకల్యంగల ఇద్దరు కుమారులున్న దంపతులు లూర్దు యాత్రకు తమ విచారణవారితో పోదలచినారు. పిల్లలు ఇతరులకు ఇబ్బంది అని వద్దన్నారు. వారే ఒంటరిగా పోగా, బసలో భోజనం గదిలోనే చేయవలెనన్నారు. ఆ అవమానం నుండి పుట్టినది 1971 ఈస్టరునాటి లూర్దు యాత్ర. పండ్రెండువేల మంది వచ్చినారు. విశ్వాసము, వెలుగు అనే అర్థంగల ఉద్యమం అక్కడనే మొదలై పెక్కు దేశాలకు ప్రాకినది. దాని స్థాపకులలో ఒకడు జాన్ వానియే. ఆయన 1964లో నెలకొల్పిన ఆర్ష్ సంస్థవారు, వైకల్యంగలవారూ లేనివారూ ఒకే ఇంటిలో కాపురముండే ఆశానికేతనాన్ని 1970లో మన పొరుగున బెంగుళూరులో ప్రారంభించినారు. 2019లో వానియే మరణించినప్పుడు లోకం ఆయనను పునీతునివలె స్మరించినది. మరుసటి సంవత్సరం ఆ సంస్థయే విచారణ జరిపించి, ఆయన ఆధ్యాత్మిక మార్గదర్శి పేరుతో పలువురు స్త్రీలను వంచించి చెరచినాడని ప్రకటించినది. ఇది చెప్పుకొనుట బాధాకరం, చెప్పకపోవుట అంతకంటె హాని. మంచి పని మనిషిని విమర్శకు అతీతునిగా చేయదు. నిస్సహాయులున్న చోట అధికారానికి కాపలా మరింత కావలెను.

ఇక మన పీఠభూమికి తిరిగి వచ్చినట్లయితే, ఇక్కడి బిడ్డకు ఫ్రాన్సు బిడ్డకు లేని కష్టమొకటున్నది: వలస. వానలు తప్పిన ఏట తల్లిదండ్రులు బెంగుళూరు దారి పడతారు. బిడ్డను అవ్వ దగ్గర విడుచుటయో, తాము దిగిన కట్టడం పని చోటికి తీసికొనిపోవుటయో జరుగుతుంది. మామూలు బిడ్డ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకొంటాడు. అదే గోడ, అదే పళ్ళెం, అదే దారిని పట్టుకొని బ్రతికే బిడ్డకు ఇల్లు మారుట అంటే నేల కదలినట్లే. నేర్చుకొన్న నాలుగు మాటలు పోవచ్చును. రాత్రి నిద్ర పోవచ్చును. కరవు పంటనేగాక ఈ బిడ్డ క్రమాన్ని కూడా ఎండగొడుతుంది. ఇది ఏ వైద్యగ్రంథంలోనూ అధ్యాయంగా లేకపోయినా, ఊరి బడిపంతులుకు తెలియవలసిన విషయం.

చట్టం మాత్రం వెనుకబడియుండలేదు. 1999లో వచ్చిన జాతీయ న్యాస చట్టంలో ఆటిజం పేరు చేరినది. తల్లిదండ్రుల తరువాత బిడ్డకు దిక్కెవరన్న ప్రశ్నకు ఆ చట్టం ఒక సమాధానం చెప్పినది: జిల్లాస్థాయి సంఘం చట్టబద్ధమైన సంరక్షకుని నియమింపవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరువదియొక్క వైకల్యాలలో ఆటిజం ఒకటి. నిర్ణీతమైన స్థాయిలో వైకల్యమున్న ప్రతి బిడ్డకు ఆరేండ్ల నుండి పదునెనిమిదేండ్ల వరకు ఉచితవిద్య హక్కు అయినది. తెలుగు రాష్ట్రాలలో ఇట్టి పిల్లలకొరకు భవిత కేంద్రాలు ఏర్పడినవి. తల్లులకు ఈ సంగతి చెప్పవలసినవారు ఎవరు? మొదట ఉపాధ్యాయులే. బిడ్డలోని భేదాన్ని తల్లి తరువాత ముందుగా చూచేది వారే.

ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు. బిడ్డను కిటికీ వెలుగు కన్నులలో పడని మూలన ఒకే చోట కూర్చోబెట్టవచ్చును. ఈ దినం ఏమేమి జరుగుతుందో బొమ్మలతో ముందుగా చూపవచ్చును. ఒక్కమారు ఒక్క మాటే చెప్పి, జవాబుకు ఓపికతో వేచియుండవచ్చును. గంట కొట్టకముందు చెప్పి కొట్టవచ్చును. ఎగతాళి చేసిన పిల్లలను దండించుటకంటె, వారిలో ఇద్దరిని ఆ బిడ్డకు తోడుగా ఏర్పరచుట మేలు. ఉపదేశి చేయవలసినదీ ఇంతే. జపం నేర్పుటకు బొమ్మ ఉన్నది, పాట ఉన్నది, మరల మరల చేసే ఒకే క్రమమున్నది. నిజానికి ప్రతి ఆదివారమూ మారని దివ్యపూజ క్రమం, ఆటిజంగల ఎందరికో నెమ్మదినిచ్చే విషయం. లోకంలో తక్కినదంతా మారిపోతున్నప్పుడు, లేచే చోటు కూర్చునే చోటు మారని స్థలం వారికి ఒకటున్నది. శబ్దం కొంచెం తగ్గించి, వెనుక బెంచి ఒకటి విడిచిపెట్టి, తిరిగి చూచే తలలు ఊరకుంటే చాలును.

2014 నవంబరులో వతికాను నగరాన ఆటిజం గురించి మూడు దినాల మహాసభ జరిగినది. ఆ సభకు వచ్చిన పిల్లలను, కుటుంబాలను ఫ్రాన్సిస్ పోపు కలిసికొన్నారు. ఒంటరితనాన్ని, దానితోపాటు వచ్చే అపకీర్తి మచ్చను తొలగించుమనీ, ఈ భారాన్ని కుటుంబాలు ఒంటరిగా మోయకుండ చూడుమనీ ఆయన కోరినారు. 2025లో ఆయన మరణించినారు, ఆ కోరిక మిగిలియున్నది. రోమునగరంలో పలికిన మాట కదిరి, ధర్మవరం, కల్యాణదుర్గం పల్లెలకు చేరవలెనంటే, దారిలో చాలామంది మనుష్యులు కావలెను.

కెర్దూ వంటి విద్వాంసుడు ఒక జనసమూహపు భాష నేర్చుటకు సంవత్సరాలు వెచ్చించినాడు. మాటరాని బిడ్డకు కూడా భాష ఉన్నది. చేయి పట్టి లాగుట ఒక వాక్యం. చెవులు మూసికొనుట ఒక వాక్యం. మూత త్రిప్పుట ఒక ఆనందవాక్యం. ఆ భాషకు నిఘంటువు ఇంటింటా వేరుగా ఉంటుంది. దానిని వ్రాసినది ప్రాయికంగా తల్లియే. గురువైనా, ఉపాధ్యాయుడైనా, పొరుగువాడైనా ఆమె దగ్గర కూర్చుండి అడిగి నేర్చుకొనవలసినది ఆ నిఘంటువును. ఆమెను ఇంతకాలం అడిగిన ప్రశ్న వేరు. ఆమె ఏ పాపం చేసినదని అడిగినవారు ఎందరో ఉన్నారు. ఆమె బిడ్డకు ఏది ఇష్టమని అడిగినవారు కొందరే.